కడాయి వంతు

తవ్విన పసుపు నాలుగు రోజులకు మించి ఆగదు. ఐదో రోజు నుంచి కుప్పలో వేడి పుడుతుంది. కొమ్ము మెత్తబడుతుంది. వాసన మారుతుంది.

సరోజన కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసింది. ఇంకా చల్లగానే ఉంది. ఇవాళ గురువారం. అంటే ఆదివారం దాకా గడువు.

ఆదివారమే అన్న యాదగిరి కూడా వస్తానన్నాడు. తంగళ్లపల్లి నుంచి రోజూ సిరిసిల్లకు సైకిల్ మీద పోయి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి. పోయినసారి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోకుండా నిలబడే చెప్పి పోయాడు. "పంట తీసుడైతనే నడువ్ చెల్లె. అక్కడ కండెలు చుడితే నీ పొట్ట నిండుతది. గీ ఊళ్లె నీతోని మాట్లాడేటోడు ఒక్కడన్న ఉన్నడా?"

పంట తీయడం అయింది. మొగుడు ముత్యం తన చేతులతో నాటిపోయిన పసుపు. కలుపు తీసే రోజుల్లో ఒక పొద్దున చేనుకు పోయిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. నక్సలైట్ల దళంలో కలిశాడని పోలీసులంటారు. పోలీసులే ఎత్తుకపోయారని ఊరంటుంది, మెల్లగా, చుట్టూ చూసుకుని. ఈ పసుపు ఉడికి ఎండితే సరోజన ఊళ్లో ఉంటుంది, మళ్లీ నాటుతుంది. కుళ్లితే బస్సెక్కుతుంది.

ఉడకబెట్టడానికి కడాయి లేదు.

చంద్రయ్య పెరట్లో మంట భగభగ మండుతోంది. నలుగురు చేతులు చాపినా అందనంత పెద్ద ఇనుప కడాయి, దాని మీద కప్పిన గోనెసంచుల సందుల్లోంచి తెల్లటి ఆవిరి. పోశవ్వ పత్తికట్టె విరిచి పొయ్యిలోకి తోస్తోంది. సరోజన కంచె దగ్గరే ఆగింది.

"మామా, మీది అయినంక ఒక్క పూట ఇయ్యి. పొద్దుమీకేసరికి తోమి దెచ్చిస్త."

చంద్రయ్య తల తిప్పలేదు. చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని, గోనె పైకెత్తి, ఒక కొమ్మును బయటికి తీసి గుచ్చి చూశాడు. పుల్ల సగం దాకానే దిగింది.

"ఇది నాది గాదు బిడ్డా. పెగడపల్లి నుంచి దెచ్చిన. వాళ్లు ఒప్పుకోరు."

"పోశవ్వక్కకు ఇచ్చినవ్ గద."

"పోశవ్వ సోమారం సోమారం పోలీసు క్యాంపుకు పోయి వేలిముద్ర పెట్టి వస్తదా?"

పోశవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "సరోజనా, నాకు నీ మీద కోపం లేదే పిల్లా. నీ చేన్ల ఒక్కనాడు కలుపు తీసినందుకు నా మొగన్ని రెండ్రోజులు క్యాంపుల పెట్టుకున్నరు. మనిషి మంచిగనే తిరిగొచ్చిండు, కూసునుడే మరిచిపోయిండు. ఇప్పటికీ నిలబడే తింటడు."

పొయ్యి దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. పోశవ్వ కూడా నవ్వబోయి ఆగిపోయింది.

"ఊరి కడాయి ఉండనే ఉన్నది గద," అన్నది వాళ్లలో ఒకామె. "పోయి దెచ్చుకో రాదు."

నవ్వు ఆగింది. చంద్రయ్య పుల్లను పొయ్యిలో పడేశాడు.

ఊరి కడాయి రాములవ్వ పెరట్లో ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది. ఒక ఇంటి పసుపు ఉడుకుతుంటే, తర్వాతి వంతు ఎవరిదో ఆ ఇంటి మనిషి వచ్చి మంట వేయాలి. దించాక కడాయి తీసుకుపోవాలి. అది ఈ ఊరి పద్ధతి. పోయినేడు వంతు అక్కడే తెగిపోయింది. రాములవ్వ కొడుకు గంగారాం పసుపు ఉడుకుతుండగానే దళంవాళ్లు అతన్ని పొయ్యి దగ్గర నుంచి పిలుచుకుపోయారు. వాగు అవతల కాల్చి, పోలీసుల ఇన్ఫార్మరని కాగితం రాసి పెట్టారు. ఇంకో కాగితం రాములవ్వ తలుపుకు అంటించారు. ఈ ఇంటికి ఎవరూ పోవద్దని.

ఆ రోజు ఆ పొయ్యి దగ్గర మంట వేస్తున్న మనిషి ముత్యం. తర్వాతి వంతు అతనిదే.

చీకటి పడ్డాక ఇంటికొచ్చి, అతను బొక్కెన దగ్గర కూర్చుని చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో కడిగాడు, బూడిదతో కడిగాడు, మట్టితో రుద్దాడు. పసుపు పోలేదు. "నేనే పిలిచిన," అన్నాడు సరోజనతో. "అన్నా, ఇటు రా అని నేనే పిలిచిన." అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆమె అడగలేదు.

*

శుక్రవారం పొద్దున సరోజన రాములవ్వ ఇంటి ముందు నిలబడింది. తలుపు మీది కాగితం వానకు తడిసి, ఎండకు ఎండి, మూలలు మాత్రం మిగిలాయి. వీధిలో మేకలు తోలుకుపోతున్న సాంబయ్య ఆమెను చూసి, చూడనట్టు మేకల్ని అదిలించాడు.

రాములవ్వ వాకిట్లో చాటతో ఉలవలు చెరుగుతోంది. తలెత్తలేదు.

"అత్తా."

చాట ఆగలేదు.

"అత్తా, కడాయి కోసమొచ్చిన."

ముసలామె ఉలవల్లోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "వస్తవని తెలుసు. వంతు నీదే గద. పోయినేటి నుంచి నీదే."

ఆ మాట ఎత్తిపొడుపో కాదో సరోజనకు అర్థం కాలేదు.

"ఈడ నుంచి కదలదు అది," అన్నది రాములవ్వ. "ఎడ్లు లేవు, బండి లేదు. వండుకుంటవో, ఉడకబెట్టుకుంటవో ఈన్నే. తోముకో. నేను తోమలె. తోమ."

పెరట్లో పొయ్యి మీద కడాయి అలాగే ఉంది. పైన మట్టి, ఆకులు, ఏదో పిట్ట కట్టి వదిలేసిన గూడు. సరోజన అవి ఎత్తి పోసింది. కింద నల్లటి పొర. బొగ్గు అనుకుంది. విరిగిన కొడవలితో గీకింది. పెచ్చు లేచింది. కొమ్ములు. మాడి, ఒకదానికొకటి అంటుకుపోయి, మనిషి వేళ్లలా పక్కపక్కన పడుకున్న పసుపు కొమ్ములు.

పసుపు ఇంతగా ఎలా మాడింది? నీళ్లు ఇగిరిపోయి, ఆ తర్వాత కూడా చాలాసేపు మంట మండితే తప్ప ఇట్లా కాదు. కొడుకును పట్టుకుపోయిన ఇంట్లో పొయ్యి ఆరిపోవాలి. ఈ పొయ్యి ఆరలేదు.

సరోజన రాములవ్వ వైపు చూసింది. ముసలామె చాట ఒళ్లో పెట్టుకుని ఇటే చూస్తోంది.

కొడవలితో గీకి, ఇటుక ముక్కతో రుద్ది, బూడిద చల్లి, గడ్డి చుట్టతో తోమింది సరోజన. లోపలికి దిగి కూర్చుని తోమింది. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. మూడోసారి నీళ్లు పోసి కడిగితే అడుగున ఇనుము నీలంగా కనిపించింది. రాములవ్వ ఒక్కసారి కూడా లేచి రాలేదు. కానీ సరోజన పోబోతుంటే వాకిట్లో అరుగు మీద ముంతలో అంబలి పెట్టి ఉంది. ఎవరికని ఆమె చెప్పలేదు. సరోజన తాగి, ముంత కడిగి బోర్లించి పోయింది.

*

శనివారం పసుపు మోసింది. చేను దగ్గరి కుప్ప నుంచి రాములవ్వ పెరటి దాకా ఊరి నడిమధ్య నుంచే దారి. తల మీద గంప. ఒక్కో విడతకు ఒక్కో ఇంటి తలుపు దగ్గర మాటలు ఆగేవి. పోశవ్వ తన అరుగు మీద నుంచి చూసి, "ఓ పిల్లా, ఎటు వోతున్నవే?" అంది. సరోజన ఆగకుండా "కడాయి కాడికి" అంది. పోశవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పద్నాలుగు గంపలు అయ్యేసరికి మెడ తిరగడం మానేసింది.

గుండ్రటి తల్లిదుంపలు, గోళలు, వేరు చేసి పక్కన పోసింది. కొమ్ములు కడాయిలో పరిచి, మునిగి నాలుగు వేళ్లు పైకి వచ్చేదాకా నీళ్లు పోసింది. పసుపు ఆకు కప్పి, పైన తడిపిన గోనెసంచులు కప్పింది. అగ్గిపెట్టె తీసి ఆగింది.

మంట పెట్టే ముందు కడాయికి బొట్టు పెట్టాలి. ముత్తైదువ పెట్టాలి. ఎవరి ఇంట్లోనైనా పోశవ్వే పెడుతుంది. ఇక్కడ ఇద్దరే ఉన్నారు. ఒకరు ముండమోసిన మనిషి. ఇంకొకరు ఏమిటో ఆమెకే తెలియదు.

"పెట్టు," అన్నది రాములవ్వ అరుగు మీద నుంచి.

"నేనా అత్తా?"

"నీ మొగని శవం చూసినవా?"

"లేదు."

"మరి పెట్టు."

సరోజన ముందుకు వంగింది. ఇనుము మీద బొట్టు వంకరగా పడింది. మంట అంటుకుంది.

గంట గడిచింది. నీళ్లు సలసలా కాగడం మొదలైంది. పత్తికట్టె తొందరగా కాలిపోతుంది. పట్టుమని రెండు నిమిషాలు కూర్చోనివ్వదు. సరోజన విరవడం, తోయడం, లేచి గోనె సర్దడం, మళ్లీ విరవడం. పొగకు కళ్లు మండుతున్నాయి. అప్పుడే వీధిలో బూట్ల చప్పుడు వినిపించింది.

ఇద్దరు పోలీసులు. బడిలో పెట్టిన క్యాంపు నుంచి వచ్చారు. ముందున్నవాడు హెడ్డు, లావుగా ఉన్నాడు. వాడు కంచె మీద చెయ్యి వేసి పెరట్లోకి చూసి ఈల వేశాడు.

"ఓహో! ఇన్ఫార్మర్ ఇంట్ల నక్సలైట్ పెండ్లాం. ఏందిరా ఇది, రాజీ అయిపోయిందా?"

సరోజన లేచి నిలబడి కొంగు భుజం మీదికి లాక్కుంది. చేతిలో కట్టె అలాగే ఉంది.

"వంతు దానిది సారు," అన్నది రాములవ్వ.

"ఏం వంతు?"

"కడాయి వంతు."

హెడ్డుకు అర్థం కాలేదు, అయినట్టు తల ఊపాడు. లోపలికి వచ్చి ముసలామె ముందు గొంతుక్కూర్చున్నాడు. గొంతు మెత్తగా మార్చాడు.

"అవ్వా, నువ్వు మా మనిషివి. నీ కొడుకు మాకోసం పానం ఇచ్చిండు. ఏడాదాయె. ఇప్పుడన్న చెప్పు. ఆనాడు పొయ్యి కాడి నుంచి గంగారాంను పేరు పెట్టి పిలిచిందెవడు? ఊరోడే గదా?"

సరోజన చేతిలో కట్టె నేల మీద పడింది. పోలీసు ఆమె వైపు చూశాడు. రాములవ్వ కూడా చూసింది. ఆ చూపు ఆమె ముఖం మీద పడి, కదలకుండా, అక్కడే ఆగింది. ఒక్క పేరు. ఈ ముసలామె పెదవి మీద ఒక్క పేరు వస్తే, ముత్యం బతికి ఉన్నా వాడికి ఇక ఊరు లేదు, చేను లేదు. తనకూ లేదు.

"పొగ సారు," అన్నది రాములవ్వ. "మొకం కానరాలె."

"గొంతు?"

"నీళ్లు కాగుతుంటె ఏం ఇనవడతది? కావాలంటె గిప్పుడు ఇనుర్రి."

హెడ్డు కడాయి వైపు చూశాడు. నిజమే, బుడబుడమని ఒకటే మోత. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు. "యాదికొస్తె చెప్పు," అని, సరోజన వైపు వేలు చూపి, "నువ్వు సోమారం మరిచిపోకు," అన్నాడు. బూట్లు వీధి చివరిదాకా వినిపించాయి.

మంట తగ్గింది. సరోజన కదల్లేదు.

"మంట చూసుకోవే," అన్నది రాములవ్వ.

"అత్తా, ఆనాడు పిలిచింది..."

"మంట చూసుకొమ్మన్న."

సరోజన కట్టె తోసింది. "అత్తా, నాకు తెలుసు. ఏడాది నుంచి తెలుసు. మా ఇంటాయన..."

"నీకు తెలుసుడేంది? నా ముంగట నిలబడి పిలిచిండు. నాకేం చెవుడా?" రాములవ్వ అరుగు దిగి వచ్చింది. ఈ రెండు రోజుల్లో మొదటిసారి పొయ్యి దగ్గరికి వచ్చింది. నేల మీద చతికిలబడి, పొయ్యి నోటి వైపు చూపించింది. "ఈన్నే కూసున్నడు వాడు. కంచె ఆవల నుంచి ఎవలో ఈల ఏసిండ్రు. పోయిండు, మాట్లాడిండు, వచ్చిండు. అన్నా, నీతోని మాట్లాడుతరట, ఒక్కసారి ఇటు రా అన్నడు. గంగారాం తువ్వాల దులుపుకోని లేచిండు."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"మావోడు కంచె దాటిండు. నీ మొగడు మల్ల ఎనుకకొచ్చిండు. రెండు పెద్ద కట్టెలు పొయ్యిలకు జరిపి, ఏమన్నడో తెలుసా? పెద్దమ్మా, మంట తగ్గనియ్యకు, దించే యాల్లకు ఇద్దరం వస్తం అన్నడు."

సరోజన కడాయి అడుగు వైపు చూసింది.

"తగ్గనియ్యలె నేను. వాగు దిక్కు నుంచి చప్పుడు ఇనవడ్డది. ఎవలో పటాకులు కాల్చిండ్రనుకున్న. కట్టె పెట్టిన. ఊళ్లె కుక్కలు మొరిగినయ్. కట్టె పెట్టిన. నీళ్లు ఇగిరిపోయినయ్. వస్తమన్నరు గద అని మల్ల పెట్టిన. పెరట్ల కట్టె అంత ఒడిసింది."

ఆమె తన అరచేతిని మంటకు దగ్గరగా పెట్టి వెంటనే తీసేసింది.

"సంపెటందుకు పిలిచేటోడు మంట తగ్గనియ్యకని చెప్తడా? వాన్ని సుత మోసం జేసిండ్రు. మాట్లాడి పంపుతమని చెప్పి ఉంటరు. నేను ఏడాది సంది గదే మాట ఇటు తిప్పి అటు తిప్పి చూస్తున్న. గందుకే పోలీసోల్లకు చెప్పలె."

సరోజన మోకాళ్ల మీద తల పెట్టుకుంది. బొక్కెన దగ్గర కూర్చుని చేతులు రుద్దుకున్న మనిషి. నేనే పిలిచిన, అని అన్న మనిషి. ఏమని పిలిచారు నిన్ను? ఏం చెప్పి పిలిపించారు? ఒక్క ప్రశ్న అడగలేదు తను. అడగకుండానే తీర్పు చెప్పేసింది. ఆ తర్వాత అతని పక్కన పడుకున్న ప్రతి రాత్రీ అటు తిరిగే పడుకుంది.

"అట్లని నేను మాఫ్ జేసిననుకునేవు," అన్నది రాములవ్వ. గొంతు గట్టిగా మారింది. "చెయ్యలె. వాడు రావాలె. నా ముంగట నిలబడి ఆ మాట మల్ల చెప్పాలె. అందాక నేను సావ."

ముసలామె ముక్కు ఎగబీల్చింది. ఒక్కసారిగా లేచింది.

"దించు! వాసన సూడు, పచ్చి వాసన పోయింది. పుల్ల యాడున్నది?"

సరోజన ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చింది. వెన్నలోకి దిగినట్టు దిగింది. రాములవ్వ వంగి, మండుతున్న కట్టెలను ఒక్కొక్కటే బయటికి లాగింది. ముంతతో నీళ్లు పోసింది. పొయ్యి బుస్సుమంది. ముసలామె ఆ పొగలోనే నిలబడి, అన్ని కట్టెలూ ఆరేదాకా నీళ్లు పోస్తూనే ఉంది.

*

ఆదివారం పొద్దున పెరట్లోకి ఎవరో పత్తికట్టె మోపు విసిరిపోయారు. కంచె లోపల అడ్డంగా పడి ఉంది. ఎవరిదో తెలియలేదు. కట్టిన ముడి ఎడమచేతి ముడి. ఊళ్లో ఎడమచేతి మనిషి చంద్రయ్య ఒక్కడే. రాములవ్వ, సరోజన ఇద్దరూ ఆ ముడి చూశారు. సరోజన విప్పి పొయ్యిలో పెట్టింది.

యాదగిరి వచ్చేసరికి గోళలు ఉడుకుతున్నాయి. ఇంటికి పోయి, తాళం చూసి, ఊరంతా అడిగితే ఎవరూ నోరు విప్పక, చివరికి పొగ చూసుకుంటూ వచ్చాడు. చేతిలో ఖాళీ సంచి.

"ఏందే ఇది? ఈ ఇంట్ల ఏం పని నీకు? బట్టలు సదురుకున్నవా?"

"కూసో అన్నా. అయిపోవచ్చింది."

"మూడింటికి కోరుట్ల బస్సు. నడువ్."

"నేను రాను."

యాదగిరి సంచి నేలకేసి కొట్టాడు. "ఎవని కోసముంటవే? ఉన్నడో సచ్చిండో తెలువని మనిషి కోసమా? ఎవలున్నరే నీకు ఈడ?"

ఉడకబెట్టకుండా పక్కన పెట్టిన విత్తనపు గోళలు వేపచెట్టు నీడలో పోసి ఉన్నాయి. సరోజన వాటిని రెండు కుప్పలుగా చేస్తోంది. రెండో కుప్ప చూసి రాములవ్వ కనుబొమ్మలు ముడిచింది.

"అదెవలకు?"

"నీ చేను ఏడాది సంది పడావున్నది గదత్తా."

"ఎవడు దున్నుతడు? పోవద్దని రాసి పెట్టిండ్రు."

"నీ చేన్ల నేను, నా చేన్ల నువ్వు. ఇద్దరి ఇంటికి ఎవలు రారు. ఇంకేం జేస్తరు?"

రాములవ్వ ఆ కుప్పను చేత్తో దగ్గరికి చేసింది. యాదగిరి వైపు తిరిగింది. "పిల్లగా, చూసుకుంట నిలవడితె ఎట్ల? మట్టి కలుపు. ఇత్తనం ఎండకుంట రెండు కుప్పల మీద మెత్తాలె."

సాంచెల మనిషి కొంచెంసేపు గొణిగి, అంగీ విప్పి కొమ్మకు తగిలించి, మట్టిలో కాలు పెట్టాడు. మూడింటి బస్సు ఒక్కడే ఎక్కాడు. పసుపు అంటిన చేతులతో కిటికీ కడ్డీ పట్టుకున్నాడు.

*

సోమవారం సరోజన క్యాంపుకు బయలుదేరింది. ఏడు నెలలుగా ఒక్కతే నడిచే దారి. చింతచెట్ల దగ్గర వెనక కర్ర చప్పుడు విని తిరిగింది. రాములవ్వ. పక్కకు రాలేదు. పది అడుగుల దూరంలోనే నడిచింది. ఇళ్ల ముందు ఊడ్చేవాళ్లు చీపుర్లు ఆపారు.

బడి వరండాలో హెడ్డు రిజిస్టర్ తెరిచాడు. సరోజన బొటనవేలు సిరా మీద ఒత్తి కాగితం మీద పెట్టింది. సిరా అంచుల్లో పసుపు అంటింది. హెడ్డు అసహ్యంగా చూసి, పేజీ తిప్పబోయి, మెట్ల కింద ముసలామెను చూశాడు. ముఖం వెలిగింది.

"అవ్వా! యాదికొచ్చిందా?"

"నేను అడగనీకొచ్చిన సారు," అన్నది రాములవ్వ. "ముత్యం యాడున్నడు?"

వరండాలో ఎవరో బెంచీ జరిపిన చప్పుడైంది. హెడ్డు కలం చేతిలో అలాగే ఉండిపోయింది. ఏడు నెలల్లో ఆ ప్రశ్న వేసినందుకు సరోజనను రెండుసార్లు గేటు బయటికి నెట్టారు. ఈమెను నెట్టలేరు. ఈమె వాళ్ల మనిషి.

"నీకెందుకవ్వా వాడు?"

"వాని పసుపు ఉడికింది. దించెటందుకు మనిషి కావాలె."

"మాకేం తెలుసు? అడవిల ఉన్నడో, ఏడున్నడో..."

"తెలుసుకోని చెప్పు సారు. తొందరేం లేదు."

రాములవ్వ కర్ర పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుంది. సరోజన ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వచ్చి ఆ మెట్టు మీదే, పక్కనే కూర్చుంది.